ఇరవై ఇద్దరికి ఉద్యోగాలిప్పించిన నిరుద్యోగి

మిరపకాయల సీజను మంచి ఊపు మీదున్న రోజుల్లో, మా అమ్మ పద్దెనిమిదేళ్ళుగా కూడబెట్టుకున్న పరపతిని నేను ఒక్క బొటనవేలితో తుడిచిపెట్టేసినంత పని చేశాను. తుఫాను రాలేదు, అగ్గి పడలేదు. సగం ఛార్జింగు ఉన్న ఫోను, గోనెసంచుల మీద మెత్తటి పడక, ఉద్యోగం గురించి ఒక తియ్యటి కల, ఈ మూడూ చాలాయి. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మా అమ్మ చెవిన పడకుండా నవ్వుకోండి. ఆవిడకి ఆ సంగతి గుర్తొచ్చిన రోజున ఇంట్లో నాకు పనులు పెరుగుతాయి.

నా పేరు మస్తాన్‌వలి. అప్పటికి ఇంజినీరింగు పూర్తయి పది నెలలైంది. మా అమ్మ సైదాబీ నల్లపాడు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ముఠా మేస్త్రి. ముఠా అంటే కంగారు పడకండి, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళ జట్టు. ఇరవై ఇద్దరు. బస్తాలు కుమ్మరించి, ఎర్రటి కాయలోంచి తెల్లబారిన తాలుకాయని వేరు చెయ్యడం వాళ్ళ పని. ముఖానికి తువ్వాలు, చేతులకి ఆముదం, నోట్లో ఊళ్ళోవాళ్ళ కబుర్లు, ఇంతే సరంజామా. నాన్న లారీ మీద నెలకి ఇరవై రోజులు తిరిగేవాడు కాబట్టి ఇల్లు నడిచేది అమ్మ మేస్త్రీతనం మీదే.

నేను మాత్రం ఆ పనికి పనికిరాను. మిర్చి ఘాటు నాకు పడదు. షెడ్డులో అడుగుపెడితే తొమ్మిది తుమ్ములు, లెక్క తప్పదు. గుంటూరు గాలి పీల్చి పెరిగినవాడు మిరపకాయకి తుమ్మడమేమిటని మీరు అనుకోవచ్చు. మా బంధువులు ఆ మాట ఎప్పుడో అనేశారు.

అందుకని షెడ్డు వెనకాల, గాలికి ఎదురువైపున, ఖాళీ గోనెసంచుల గుట్ట మీద నా కాపురం. మధ్యాహ్నం అమ్మకి క్యారేజీ తెచ్చి ఇచ్చి, అక్కడే వెల్లకిలా పడుకునేవాణ్ణి. రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది. ఆ ఎండలో ఎర్రటి ధూళి తేలుతూ, ఎక్కడికీ పోవాలన్న తొందర లేకుండా తిరుగుతూ ఉండేది. దాన్ని చూస్తూ ఉంటే కళ్ళు వాటంతటవే సగం మూతపడేవి. అప్పుడు మొదలయ్యేది నా ఉద్యోగం. అద్దాల మేడ, ఇరవయ్యో అంతస్తు. కిటికీ దగ్గరికెళితే కింద మబ్బులు. మెత్తటి కుర్చీ, తిరిగేది. ఎవరో వచ్చి, "వలీ గారూ, ఈ విషయంలో మీ అభిప్రాయం?" అని అడుగుతారు. నేను కాసేపు ఆలోచించి, తల పంకించి, ఏదో అంటాను. అందరూ రాసుకుంటారు. ఏమన్నానో నాకెప్పుడూ వినపడలేదు గానీ చాలా గొప్ప మాట అయ్యుంటుంది.

ఆ మేడకి దారి ఉద్యోగాల సైటులో ఉందని సింగరాయకొండ నుంచి వచ్చిన మా కాలేజీ సీనియరొకడు చెప్పాడు. మీకూ తెలిసే ఉంటుంది. అక్కడ అందరూ కోట్లు వేసుకుని ఉంటారు. ఎవరూ ఖాళీగా ఉండరు, ఉద్యోగం పోయినవాడు కూడా కొత్త ప్రయాణం మొదలైందని రాసుకుంటాడు. నాకు కోటు లేకపోతే ఫొటో స్టూడియో ఆయన కంప్యూటర్లో తొడిగాడు. అది నాకంటే రెండు సైజులు పెద్దది. తలకాయ తిన్నగా కాలర్లోంచే మొలిచినట్టుంది. మెడేదండీ అని అడిగితే, ఆఫీసర్లకి మెడతో పనుండదు బాబూ అన్నాడాయన. ఉద్యోగం లేదు, ఆఫీసు లేదు, పేరు కింద హోదా మాత్రం "ఆస్పైరింగ్ లీడర్".

మూడు నెలలు గడిచాయి. నా ప్రొఫైల్ చూసినవాళ్ళు నలుగురు. అందులో ముగ్గురు నాలాంటివాళ్ళే, ఉద్యోగం వెతుక్కుంటూ దారితప్పి వచ్చారు. సీనియర్‌కి ఫోన్ చేసి ఏడిస్తే రెండు సూత్రాలు చెప్పాడు. ఒకటి, నిన్ను ఎరిగినవాళ్ళ చేత రికమండేషన్లు రాయించు. రెండు, ఎవరి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చినా గంటలోపు జవాబివ్వు, లేకపోతే సైటు నిన్ను అడుక్కి తోసేస్తుంది.

ఇక్కడ మా ముఠా ఆచారం ఒకటి చెప్పాలి. ముఠాలోకి కొత్తమనిషి ఊరికే రాలేదు. లోపలున్న ఎవరో ఒకరు, "ఈమెకి నాది పూచీ" అనాలి. పూచీ పడ్డాక ఆ మనిషి పని చెడగొడితే తిట్లు ఇద్దరికీ పడతాయి. ఒక్క పూచీ ఉంటే చాలు, మా అమ్మ చదువు అడగదు, ఊరు అడగదు. రికమండేషన్ అంటే ఇదే కదా అని గోనెసంచుల మీద నాకు జ్ఞానోదయమైంది. నన్ను ఎరిగినవాళ్ళు ఎవరు? చిన్నప్పట్నుంచీ నన్ను ఎత్తుకుని, తుడిచి, తిట్టిన ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. ఒక్క పూచీకే మనిషి లోపలికి వెళ్ళిపోతాడే, ఇరవై రెండు పూచీలుంటే కంపెనీ పల్లకీ పంపదూ?

చిక్కేమిటంటే, రికమండేషన్ రాయాలంటే వాళ్ళకీ ఆ సైటులో ప్రొఫైళ్ళుండాలి. సరే, పెడదాం. తా దూర కంత లేదు, మెడకి ఇరవై రెండు డోళ్ళు.

టీ తాగే వేళల్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నా ఫోనులోనే ప్రొఫైల్ తయారుచేశాను, వాటికొచ్చే మెసేజులూ నా ఫోనుకే. ముఠాలో పెద్దది కోటేశ్వరమ్మత్త. నా పథకానికి మొదటి అడ్డంకి ఆవిడే.

"అత్తా, నీ ఫోనుకి ఆరంకెల నంబరొచ్చుద్ది. అది నాకు చెప్పు."

"ఎవురికీ చెప్పొద్దని బ్యాంకోళ్ళు చెప్పార్రా."

"నేను ఎవరో కాదు గదా అత్తా."

"అదేరా నా భయం. నువ్వు సైదాబీ కొడుకువి. పోలీసులకి పట్టిద్దామన్నా కుదరదు."

చివరికి చెప్పింది. ఆవిడ చెప్పింది కాబట్టి మిగతావాళ్ళూ చెప్పారు. ఆ సైటు హోదా లేకుండా ముందుకు కదలనివ్వదు, అందుకని అందరికీ "సీనియర్ క్వాలిటీ అనలిస్ట్, మిర్చి" అని పెట్టాను. అనుభవం అన్నచోట వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టాను. కాయని చెవి దగ్గర ఊపి తడి ఉందో లేదో చెప్పగలదు. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఏముందో చూడకుండానే చెబుతుంది. తేజా రకం కాయనీ బాడిగ రకం కాయనీ వాసనతో విడదీస్తుంది. ఎక్కడ చదివారు అన్నచోట చాలామందికి బడి లేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే అందరూ ఒకటే మాట, "మీ అమ్మ దగ్గర." అదీ రాశాను. "ట్రెయిన్డ్ బై సైదాబీ". తరవాత ఆలోచిస్తే తెలిసింది, ఆ ఇరవై రెండు ప్రొఫైళ్ళలో ఒక్క అబద్ధం లేదు. నా ప్రొఫైల్లో ఒక్క నిజం లేదు.

ఇక నాకు పూచీలు. నా గురించి చెప్పమంటే కోటేశ్వరమ్మత్త బాగా ఆలోచించింది. "మంచోడు. ఎవురి జోలికీ పోడు. పని జోలికి కూడా పోడు," అంది. నేను దాన్ని "ఎంత ఒత్తిడిలోనైనా ప్రశాంతంగా ఉంటాడు" అని ఇంగ్లీషులోకి మార్చాను.

అమ్మకి మాత్రం ప్రొఫైల్ పెట్టలేదు. ఒకే ఇంటిపేరు కనపడితే కన్నతల్లి పొగడ్త అనుకుంటారని నా తెలివి. ఆవిడకి సంగతి చెప్పను కూడా చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక ఒక్కసారే చెప్పి ఆశ్చర్యపరుద్దామని.

వారం తిరక్కుండా ఫోను మోగడం మొదలైంది. నాకు గుర్తుంది, అది శుక్రవారం, మంచి ఎండ. ఎర్రటి ధూళి ఎప్పటిలాగే తేలుతోంది. నేను ఇరవయ్యో అంతస్తులో, కొత్తగా వేసిన తివాచీ మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నాను. కింద మబ్బుల్లో ఎవరో పత్తి ఏరుతున్నారు. టింగు టింగుమని మెసేజ్‌లు. సగం కన్ను తెరిచి చూస్తే, ఏదో మిర్చి ఎగుమతి కంపెనీ. మీకు ఆసక్తి ఉందా అని ఒక ప్రశ్న, ఫోన్ నంబరు ఇవ్వగలరా అని రెండో ప్రశ్న. ప్రశ్న కిందే జవాబు కూడా తయారుగా ఉంది, వేలితో తాకితే చాలు. గంటలోపు జవాబివ్వాలన్న సూత్రం నిద్రలో కూడా మర్చిపోలేదు. ఉంది, ఇస్తాను. ఉంది, ఇస్తాను. ఇలా ఎన్నిసార్లు తాకానో లెక్క లేదు. కంపెనీ నా కోసం ఎంత పట్టుదలగా ఉందో అని మురిసిపోయి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఇరవై రెండుసార్లు తాకాను. అందులో నా ప్రొఫైల్‌కి వచ్చింది ఒక్కటీ లేదు.

సోమవారం పొద్దున అమ్మ షెడ్డుకెళ్ళింది. పది నిమిషాల్లో నాకు ఫోన్. ఒక్కసారి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. వెళ్ళేసరికి, కొండంత ఎర్రకాయ పోసి ఉంది. దాని ముందు చిన్న పీట మీద అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. కబుర్లు లేవు, గాజుల చప్పుడు లేదు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒక్కరూ రాలేదురా. ఫోన్లు ఎత్తట్లేదు," అంది.

ఆ సరుకు గురువారం కంటైనరుకి ఎక్కాలి. షావుకారికి అమ్మ మాటిచ్చింది. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఇచ్చిన మాట తప్పిన రోజు లేదు, ఆ షెడ్డు ఆవిడ చేతిలో ఉన్నది ఆ మాట వల్లే. గురువారం సరుకు కదలకపోతే శుక్రవారానికి ఇంకో మేస్త్రి వస్తాడు. మాట పోయిన మేస్త్రిని ఇంకో షెడ్డువాడు కూడా పిలవడు.

నాకు ఇంకా వెలగలేదు, చూడండి. పీట లాక్కుని నేనూ కూర్చున్నాను. తొమ్మిది తుమ్ములయ్యాయి, మళ్ళీ తొమ్మిదయ్యాయి. తువ్వాలు కట్టుకున్నాను, కళ్ళు నులుముకున్నాను, నులుముకోకూడదని అప్పుడే తెలుసుకున్నాను. గంటసేపు ఏరితే నా బుట్టలో రెండు దోసిళ్ళ కాయ. అమ్మ దాన్ని ఒక్క చూపు చూసి, మళ్ళీ కొండలో కలిపేసింది. అంతలో కాపలా ఆయన వచ్చి, మీ ముఠావాళ్ళు పొద్దున్నే ఏదో కంపెనీ బస్సెక్కారు కదమ్మా, మీరెళ్ళలేదా అన్నాడు. ఏ కంపెనీ అంటే పేరు చెప్పాడు.

ఆ పేరు వినగానే ఇరవయ్యో అంతస్తులోంచి లిఫ్టు తెగి పడ్డట్టయింది నాకు.

ఫోను తీసి అమ్మకి అంతా చూపించాను. పూచీలు, ప్రొఫైళ్ళు, ఆరంకెల నంబర్లు, శుక్రవారం నిద్ర, అన్నీ. చీపురందుకుంటుందని చూశాను. అందుకోలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, కోటేశ్వరమ్మత్త ఫొటో దగ్గర్నుంచి ఒక్కొక్క పేరే చదివించుకుంది. ఇరవై రెండూ అయ్యాక, ఇంకా ఉన్నాయేమోనని వేలితో ఇంకోసారి పైకి తోసింది. ఇంకేం లేవు.

"ఇంతమందికి రాశావు. నాకెందుకు రాయలేదురా?" అంది.

మీరు నమ్మండి, ఆ రోజు నా కళ్ళలోంచి కారినదంతా మిరప ఘాటు కాదు. ఇంటిపేరు, పొగడ్త అంటూ ఏదో గొణిగాను. ఆవిడ లేచి చీర దులుపుకుని, ఆటో పిలవమంది.

కంపెనీ గేటు దగ్గర అరగంట ఆపారు. లోపల్నుంచి హారిక అని హెచ్‌ఆర్ అమ్మాయి వచ్చింది, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఇలా మా ముఠా పొరపాటున ఇక్కడికొచ్చింది, మా పిల్లలని మాకు ఇప్పించండి అన్నట్టుగా అమ్మ మాట్లాడబోయింది. ఆ అమ్మాయి మధ్యలోనే ఆపి పేరడిగింది. సైదాబీ అనగానే చేతిలో ఫైలు పక్కన పెట్టేసింది.

"మీరేనా అమ్మా? ఇరవై ఇద్దరూ మీ దగ్గరే నేర్చుకున్నామని రాశారండీ. ఆ సైదాబీ ఎవరా అని మూడు రోజుల్నుంచి సైటంతా వెతుకుతున్నాను. మీరెక్కడా లేరు."

అమ్మ నా వైపు చూసింది. నేను గేటు వైపు చూశాను.

లోపల మా ముఠా నీలం టోపీలు పెట్టుకుని, ఫ్యాన్ల కింద వరసగా కూర్చుని ఉంది. ఫోన్లు పెట్టెల్లో పెట్టించారట. అమ్మని చూసి ఎవరూ కంగారు పడలేదు. "ఇంత ఆలీసంగా వచ్చావేంటి మేస్త్రమ్మా, నీకు ఫ్యాను కింద చోటు ఆపాం," అంది కోటేశ్వరమ్మత్త. సంగతేమిటంటే, ఆదివారం కంపెనీవాళ్ళు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పొద్దున్నే బస్సు పంపుతామన్నారట. కొత్తచోట పని ఎప్పుడైనా మేస్త్రే మాట్లాడుతుంది. నంబర్లు అడిగి తీసుకున్నది మేస్త్రి కొడుకు. కాబట్టి అమ్మే తమని ఇక్కడికి పంపిందని, తనూ వెనకాలే వస్తుందని వాళ్ళ లెక్క. ఎవరికీ అనుమానం రాలేదు. నేను సొంతంగా ఏదైనా చెయ్యగలనని ఆ ఇరవై ఇద్దరిలో ఒక్కరికి కూడా తట్టలేదు.

హారిక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, గ్రేడింగ్ సూపర్‌వైజర్‌గా చేరమంది. అమ్మ కాసేపు ఆ ఫ్యాన్ల వైపు చూసింది. ఆవిడకి ఆశ లేదని నేను అనను, నాకు కనపడింది.

"మా షావుకారికి గురువారం సరుకిస్తానని చెప్పానమ్మా. అది ఎక్కించాక మాట్లాడదాం. ఇప్పుడు వస్తానంటే, రేపు మీకిచ్చిన మాట మాత్రం నిలబెడతానని మీకేంటి నమ్మకం?" అంది.

ఇరవై ఇద్దరూ టోపీలు తీసి బల్ల మీద పెట్టి లేచారు. కంపెనీ బస్సులోనే తిరిగి షెడ్డుకొచ్చాం. బుధవారం సాయంత్రానికే కొండ కరిగిపోయింది. గురువారం కంటైనరు కదిలింది. షావుకారు మంచివాడే, నెల గడువు తీసుకుని ఇంకో ముఠాని చూసుకున్నాడు. ఆ తరవాత మా అమ్మ ముఠా మొత్తంతో ఫ్యాన్ల కిందకి మారింది. చేరే ముందు ఇంకో రెండు ఫ్యాన్లు అడిగి వేయించింది కూడా. ఆవిడ ప్రొఫైల్ నేనే రాశాను, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా సరిచూసింది. నాకు మూడు నెలల్లో నలుగురు వచ్చారని చెప్పానుగా, ఆవిడకి మొదటి రోజే అరవై మంది.

కథ ఇక్కడ ఆగితే బావుండేది. కానీ ఆర్నెల్లకి అదే కంపెనీలో కంప్యూటర్ పని ఒకటి ఖాళీ పడింది. నేను సైటు ద్వారానే, పద్ధతిగా, ఇరవై రెండు పూచీలతో సహా దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. గదిలోకెళితే బల్లకి అవతల ఇద్దరు. హారిక, పక్కన మా అమ్మ. పొద్దున నాకు ఇడ్లీ పెట్టిన చెయ్యే అది, ఇప్పుడు నా కాగితాలు తిరగేస్తోంది.

"కూర్చోండి. మీ పేరు?" అంది అమ్మ.

నేను చెప్పాను. ఆవిడ తలూపి రాసుకుంది.

"ఒక లారీ వచ్చింది. బస్తాలో పైకాయ బానే ఉంది, అడుగున తడిగా ఉంది. డ్రైవరు దించుకోమని తొందర పెడుతున్నాడు. మీరేం చేస్తారు?"

గోనెసంచుల మీద కలలో ఎన్ని వందలసార్లు విన్నానో ఈ ప్రశ్న, "వలీ గారూ, మీ అభిప్రాయం?" నేను కాసేపు ఆలోచించాను. తల పంకించాను. సంబంధిత వర్గాలందరితో ఒక సమావేశం ఏర్పాటు చేసి, సమగ్రమైన వ్యూహం రూపొందిస్తానన్నాను. హారిక పెన్ను కింద పెట్టేసింది. అమ్మ నా కాగితాల్ని అంచులు కలిపి సర్ది, చాలా మర్యాదగా అంది.

"సరే బాబూ, మీరు వెళ్ళిరండి. మేమే ఫోన్ చేస్తాం."

ఆ సాయంత్రం గోంగూర పచ్చడితో అన్నం పెడుతుంటే, ఏమైందమ్మా అని అడిగాను. ఆఫీసు మాటలు ఇంట్లో మాట్లాడకూడదంటరా అంది. ఇది జరిగి మూడేళ్ళు. ఈలోగా పర్చూరులో ఒక విత్తనాల కొట్టు గోడకి అంటించిన కాగితం చూసి, లోపలికెళ్ళి అడిగి, అక్కడే లెక్కలు రాసే పనిలో కుదిరాను, రోజూ బస్సులో తిరుగుతాను. కొట్టు ఆయన నన్ను కోటు గురించి అడగలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం బేరాలు లేని వేళల్లో ఇరవయ్యో అంతస్తుకి వెళ్ళొస్తూ ఉంటాను, అక్కడ మబ్బులు అలాగే ఉన్నాయి. అమ్మ నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఆ ఉద్యోగం గురించేనేమో అనుకుంటాను. ఇవాళ కూడా చేసింది. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మంది.

కనుక సమస్త నిరుద్యోగ సోదరుల సమక్షంలో, గుంటూరు మిరపకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరి ప్రొఫైల్ ముట్టుకోను, నిద్రలో ఎవరికీ ఆసక్తి ఉందని చెప్పను, మా అమ్మ కూర్చున్న బల్లకి ఇవతల కుర్చీలో ఇంకెప్పుడూ కూర్చోను. ఆవిడే ఫోన్ చేసి పిలిస్తే మాత్రం చెప్పలేను.